పిల్లల కండ్లు: బిడ్డ చెప్పదు, మనమే చూడాలి



కోదాడ బస్టాండులో జరిగిన ఒక సంగతి చెబుతాను. వినండి.

మా చదువు కేంద్రానికి ఒక అక్క వస్తుంది. పగలంతా కూలి పని. రాత్రి చదువు. రెండేండ్ల కింద ఆమెకు అక్షరం ముక్క రాదు. ఇప్పుడు కూడబలుక్కుని చదువుతుంది. ఒకరోజు బిడ్డను వెంటబెట్టుకుని మిర్యాలగూడలో ఉన్న చెల్లె ఇంటికి బయలుదేరింది. ఆ బిడ్డ మా బడిలోనే మూడో తరగతి.

బస్టాండులో దూరంగా ఒక బస్సు వచ్చి ఆగింది. అక్క బోర్డు చూసింది. ఒక్కొక్క అక్షరం కూడుకుంది. మి, ర్యా, ల, గూ, డ. మిర్యాలగూడ! ఎవరినీ అడగకుండా బస్సు గుర్తుపట్టడం ఆమెకు అదే మొదటిసారి. సంబరమైంది.

"నువ్వు కూడా సదువు బిడ్డా" అన్నది.

బిడ్డ కండ్లు చిట్లించింది. తల అటూ ఇటూ తిప్పింది.

"ఏ బోర్డు అమ్మా?" అన్నది.

ఊరి నుంచి తిరిగి వచ్చిన రోజే అక్క నా దగ్గరికి వచ్చింది. "టీచరమ్మా! నేను రెండేండ్ల కింద మొదలుపెట్టిన. నాకు బోర్డు సదువొచ్చింది. అది మూడేండ్ల సంది బడికి పోతున్నది. దానికెందుకు రాలే? నువ్వేం సెప్తున్నవ్?" అని నిలదీసింది.

నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఎందుకంటే ఆ పాప పుస్తకం చక్కగా చదువుతుంది. పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని గడగడా చదువుతుంది. బోర్డు మీద రాసింది మాత్రం తప్పులు రాస్తుంది. పక్క పిల్ల పలకలో చూసి రాస్తుంది. "ధ్యాస ఎక్కడున్నది?" అని నేనే రెండుసార్లు కసిరాను. ఒకసారి నిలబెట్టాను కూడా.

మరునాడు పాపను బోర్డుకు 20 అడుగుల దూరంలో నిలబెట్టాను. అరచేయంత అక్షరం రాశాను. కనబడలేదు. పది అడుగులు ముందుకు తెచ్చాను. అప్పుడు చదివింది. తర్వాత కంటి డాక్టరు చూశారు. రెండు కండ్లకూ దూరపు చూపు తక్కువ అన్నారు. అద్దాలు ఇచ్చారు. ఇప్పుడు బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు రాస్తున్నది.

తల్లి చదువు నేర్వకపోతే ఈ సంగతి ఇంకా ఎన్నాళ్లకు బయటపడేదో!

నేను బడిలో పాఠాలు చెప్పే వాలంటీరును. డాక్టరును కాను. టీచరు ట్రైనింగులో చెప్పింది కొంత, డాక్టర్లను అడిగి తెలుసుకుంది కొంత, మన ఊళ్లలో చూసింది కొంత ఇక్కడ రాస్తున్నాను.

బిడ్డ ఎందుకు చెప్పదు?

పెద్దవాళ్లకు చూపు తగ్గితే తెలుస్తుంది. సూదిలో దారం ఎక్కదు. బియ్యంలో రాళ్లు కనబడవు. "నిన్న కనిపించింది, ఇయ్యాల కనిపిస్తలేదు" అంటారు.

బిడ్డకు అలా కాదు. పుట్టినప్పటి నుంచి మసకగానే కనిపిస్తే, లోకమే మసకగా ఉంటుంది అనుకుంటుంది. అందరికీ ఇట్లనే కనిపిస్తదేమో అనుకుంటుంది. నొప్పి ఉండదు. కన్ను ఎర్రబడదు. ఇక ఏమని చెబుతుంది? అందుకే మనమే గమనించాలి.

టీవీకి దగ్గరగా పోయి కూర్చుంటున్నదా? పుస్తకం, ఫోను ముక్కుకు ఆనించుకుంటున్నదా? దూరం చూడాలంటే కండ్లు చిట్లిస్తున్నదా? తల ఒకవైపు వంచి చూస్తున్నదా? వాకిట్లో ఉన్న మనిషిని గొంతు విని తప్ప గుర్తుపట్టడం లేదా? మాటిమాటికీ కండ్లు నలుపుకుంటున్నదా? సాయంత్రానికి తలనొప్పి అంటున్నదా? వీటిలో ఏది ఉన్నా ఒకసారి కండ్లు చూపించాలి.

ఇంట్లో ఒక చిన్న పని చేయవచ్చు. గోడకు క్యాలెండరు ఉంటుంది కదా. బిడ్డను దూరంగా నిలబెట్టండి. ఒక కన్నును అరచేతితో మూయమనండి. గట్టిగా ఒత్తవద్దు. తారీకులు చదవమనండి. తర్వాత రెండో కన్ను మూసి చదవమనండి. రెండు కండ్లకూ ఒకేలా కనిపించాలి. ఒక కంటికి కనిపించి, ఇంకో కంటికి కనిపించకపోతే అనుమానించాలి. అన్న, తమ్ముడు అక్కడి నుంచే చదువుతున్నారు, ఈ బిడ్డ చదవలేకపోతున్నది అంటే కూడా అనుమానించాలి.

మాటలు రాని పసిబిడ్డ అయితే? ఆడుకునేటప్పుడు మెల్లగా ఒక కన్నుకు చేయి అడ్డం పెట్టండి. తర్వాత రెండో కన్నుకు పెట్టండి. ఒక కన్ను మూస్తే ఊరుకుని, ఇంకో కన్ను మూస్తే మాత్రం చేయి తోసేసి ఏడుస్తున్నదా? అంటే ఆ మూసిన కన్నే మంచిది. తెరిచి ఉన్న కంటికి సరిగా కనిపించడం లేదన్నమాట.

ఇది అసలు పరీక్ష కాదు. డాక్టరు దగ్గరికి పోవాలా, వద్దా అని మనకు తెలియడానికే.

అద్దాలు పెడితే పెండ్లి కాదా?

ఆడపిల్లకు అద్దాలు అనగానే ఇంట్లో మొదటి మాట ఇదే. "ఇప్పుడే అద్దాలేంది? రేపు దాన్ని ఎవరు చేసుకుంటరు?" మగపిల్లవాడికి అయితే ఈ మాట అనరు. నాకైతే ఈ మాట వింటే కోపం వస్తుంది. కనిపించక చదువు పోతే పరవాలేదు, ముక్కు మీద అద్దాలు ఉంటే మాత్రం పరువు పోతుందా?

ఇంకో భయం ఉంది. అద్దాలు వాడితే చూపు ఇంకా తగ్గుతుందని. అది నిజం కాదు. బిడ్డ ఎదుగుతుంటే కన్ను కూడా ఎదుగుతుంది. దూరపు చూపు తక్కువ ఉన్న పిల్లలకు కనుగుడ్డు కొంచెం పొడవు సాగుతుంది. అందుకే అద్దాల నంబరు మారుతుంది. అద్దాలు పెట్టినా మారుతుంది, పెట్టకపోయినా మారుతుంది. అందుకని ఏడాదికి ఒకసారి చూపించాలి.

రోజూ రెండు గంటలు బయట వెలుతురులో ఆడుకునే పిల్లలకు ఈ దూరపు చూపు లోపం తక్కువగా వస్తుంది. ఇది పరిశోధనల్లో తేలిన సంగతి. ఫోను ఇచ్చి మూల కూర్చోబెట్టే కన్నా వాకిట్లోకి తోలడం మేలు. పుస్తకం, ఫోను కంటికి జానెడు దూరంలో కాదు, మూరెడు దూరంలో ఉండాలి.

మెల్లకన్ను అదృష్టం కాదు

మా మేనమామ కొడుకు సంగతి చెబుతాను. సూర్యాపేట పక్క ఊరు. చిన్నప్పుడు వాడి ఎడమ కన్ను లోపలికి తిరిగి ఉండేది. మా అమ్మమ్మ ముద్దుగా చూసుకునేది. "మెల్లకన్ను మంచిది రా, అదృష్టం తెస్తది" అనేది. మా అత్తకు లోపల అనుమానమే. కానీ అత్తగారి మాటకు ఎదురు చెప్పలేదు. "పెద్దగైతే అదే సక్కగైతది" అని ఊళ్లో అందరూ అన్నారు.

వాడు పెద్దవాడయ్యాడు. డిగ్రీ చదివాడు. పోలీసు ఉద్యోగానికి పరుగు, దూకుడు అన్నీ నేర్చుకున్నాడు. కండ్ల పరీక్ష దగ్గర కుడి కన్ను మూయమన్నారు. ఎదురుగా ఉన్న మనిషి ముఖం తెలియలేదు. ఒంటి కంటితో బతుకుతున్నానని వాడికి ఆ రోజు తెలిసింది. డాక్టరు దగ్గరికి పోతే, "అయిదేండ్లప్పుడు వస్తే బాగుండేది" అన్నారు. మా అత్త ఆ రోజు అన్నం ముట్టలేదు.

అసలు ఏమైంది? కన్ను ఒక్కటే చూడదు. కన్ను చూసింది మెదడుకు చేరాలి. మెదడు దాన్ని అర్థం చేసుకోవాలి. ఈ పని బిడ్డ పుట్టినప్పటి నుంచి ఏడెనిమిది ఏండ్ల దాకా నేర్చుకుంటుంది. ఒక కన్ను పక్కకు తిరిగి ఉంటే రెండు కండ్లూ రెండు బొమ్మలు పంపుతాయి. మెదడుకు తికమక అవుతుంది. అందుకని తిరిగిన కంటి బొమ్మను పక్కన పెట్టేస్తుంది. సాగరు ఎడమ కాలువ కింద పొలం ఉన్నవాళ్లకు ఇది తేలికగా అర్థమవుతుంది. నీళ్లు పారని పిల్లకాలువ ఏమవుతుంది? పూడిపోతుంది. ఈ కన్ను కూడా అంతే. పైకి బాగానే ఉంటుంది. చూపు మాత్రం ఉండదు. డాక్టర్లు దీన్ని లేజీ ఐ అంటారు. అంటే సోమరి కన్ను.

మెల్ల లేకుండా కూడా సోమరి కన్ను రావచ్చు. ఒక కంటికి నంబరు ఎక్కువ, ఇంకో కంటికి తక్కువ ఉంటే వస్తుంది. అది పైకి అసలే కనిపించదు. అందుకే ఒక్కో కన్ను మూసి చూడమని చెప్పింది.

దీనికి వైద్యం ఉంది. అద్దాలు అవసరమైతే ఇస్తారు. మంచి కన్నుకు రోజూ కొన్ని గంటలు పట్టీ అంటిస్తారు. మంచి కన్ను మూసుకుంటే సోమరి కన్ను పని చేయక తప్పదు. అట్లా చూపు వస్తుంది. ఎన్ని గంటలో, ఎన్ని నెలలో డాక్టరు చెబుతారు. మెల్లను సరిచేయడానికి కొందరికి ఆపరేషను కావాలి.

పట్టీ పెట్టడం మాటల్లో చెప్పినంత తేలిక కాదు. బిడ్డ పీకేస్తుంది. ఏడుస్తుంది. కనిపించే కన్ను మూస్తే ఎవరికైనా ఏడుపే కదా. పక్కింటి పిల్లలు వెక్కిరిస్తారు. "మంచి కన్ను మూస్తున్నరు, ఇదేం వైద్యం" అని అత్తలు, ఆడబిడ్డలు గొణుగుతారు. తల్లి గట్టిగా నిలబడాలి. పట్టీ ఉన్న గంటల్లో బిడ్డతో ఆడండి. చిక్కుడు గింజలు ఏరించండి, బొమ్మలు గీయించండి.

పుట్టిన కొత్తలో పసిబిడ్డ కండ్లు అప్పుడప్పుడు పక్కకు పోతాయి. దానికి భయం లేదు. నాలుగు నెలలు దాటాక కూడా కన్ను తిరిగి ఉంటే చూపించాలి. ఎనిమిదేండ్లు దాటిన బిడ్డ అయినా సరే, ఇక లాభం లేదని మీరే తీర్పు చెప్పుకోవద్దు. డాక్టరును అడగండి.

కంటిపాపలో తెలుపు: ఒక్కరోజు కూడా ఆగవద్దు

నల్లగుడ్డు నడుమ చిన్న నల్లచుక్క ఉంటుంది. అదే కంటిపాప. అది నల్లగా ఉండాలి. కంటిపాపలో తెలుపు కనిపిస్తే, చీకట్లో పిల్లి కన్ను లెక్క మెరిస్తే, అది పెద్ద గుర్తు.

ఫోనులో లైటు వేసి ఫోటో తీస్తే ఒక్కోసారి కంటిపాపలు ఎర్రగా పడతాయి. అది మామూలే. ఒక కన్ను ఎర్రగా, ఇంకో కన్ను తెల్లగా పడితే ఆ ఫోటోను దాచిపెట్టండి. డాక్టరుకు చూపించండి.

ఆ తెలుపు పుట్టు శుక్లం కావచ్చు. శుక్లం ముసలివాళ్లకే వస్తుందని అనుకుంటాం. పసిబిడ్డకు కూడా ఉంటుంది. తల్లి కడుపుతో ఉన్నప్పుడు రుబెల్లా అనే జ్వరం, దద్దు వస్తే బిడ్డ శుక్లంతో పుట్టవచ్చు. అందుకే తట్టు, రుబెల్లా టీకా వేస్తారు. మన రాష్ట్రంలో ఆ టీకా 2017లో మొదలైంది. ఇప్పుడు 9 నెలలు నిండాక ఒకటి, ఏడాదిన్నర వయసులో ఇంకొకటి వేస్తారు. పుట్టు శుక్లానికి మొదటి రెండు మూడు నెలల్లోనే ఆపరేషను జరిగితే చూపు బాగా వస్తుంది. "పసిగుడ్డుకు ఆపరేషనా" అని ఏండ్లు గడిపితే, తర్వాత ఆపరేషను చేసినా మెదడు చూపు నేర్వదు. పిల్లకాలువ మాట మళ్లీ గుర్తుచేసుకోండి.

ఆ తెలుపు క్యాన్సర్ కూడా కావచ్చు. కంటి లోపల గడ్డ. అయిదేండ్ల లోపు పిల్లలకే ఎక్కువగా వస్తుంది. తొందరగా తెలిస్తే ప్రాణం దక్కుతుంది. చాలామందికి కన్ను కూడా దక్కుతుంది. ఆలస్యమైతే మెదడుకు పాకుతుంది. తెల్లగా కనిపించిన ప్రతి కన్నూ క్యాన్సర్ కాదు. కానీ అది తేల్చవలసింది డాక్టరు. మనం కాదు, మంత్రగాడు అసలే కాదు.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలు

ఎనిమిదో నెలలోనే కాన్పు అయింది. లేదా బిడ్డ రెండు కిలోలు కూడా లేదు. గాజు పెట్టెలో పెట్టారు. ప్రాణం దక్కింది. ఇంటికి తెచ్చుకున్నారు. అందరూ సంతోషంగా ఉన్నారు.

ఇంకో పని మిగిలి ఉంది. ఇలాంటి బిడ్డలకు కంటి వెనుక తెరలో రక్తనాళాలు పూర్తిగా ఎదిగి ఉండవు. కొందరికి అవి అడ్డదిడ్డంగా పెరిగి తెరను లాగేస్తాయి. చూపు పూర్తిగా పోతుంది. పైకి ఏమీ కనిపించదు. అందుకే పుట్టిన 30 రోజుల లోపే కంటి డాక్టరు లోపలి తెర చూడాలి. మరీ చిన్న బిడ్డ అయితే ఇంకా ముందే చూడాలి. అప్పుడు వైద్యం చేస్తే చూపు నిలుస్తుంది. దవాఖాన నుంచి పంపేటప్పుడు వాళ్లు చెప్పకపోతే మీరే అడగండి. "మా బిడ్డ కండ్ల లోపలి తెర చూసిండ్రా సారూ?" అని అడగండి. బాలింత చలిగాలికి బయటికి పోవద్దని, నెల దాటాక చూద్దామని ఇంట్లో అంటారు. ఈ ఒక్క పనికి నెల దాటవద్దు.

నెలలు నిండి పుట్టిన బిడ్డకు కూడా కొన్నిసార్లు కన్ను నీరు కారుతుంది. పుసులు కడుతుంది. కంటి నీరు ముక్కులోకి పోయే సన్నని దారి తెరుచుకోకపోతే అలా అవుతుంది. కంటి మూల దగ్గర, ముక్కు పక్కన ఎలా రుద్దాలో డాక్టరు నేర్పుతారు. ఎక్కువమందికి ఏడాది లోపు అదే తెరుచుకుంటుంది. కానీ నీరు కారుతూ, వెలుతురు చూడలేక, నల్లగుడ్డు పెద్దగా, మబ్బుగా ఉంటే అది వేరే జబ్బు. నీటి కాసులు అంటారు. దానికి వెంటనే పోవాలి.

రేచీకటి

పొద్దుగూకాక బిడ్డ ఆట మానేసి ఒకచోట కూర్చుంటుంది. లేచి నడిస్తే చెంబు తన్నుతుంది. గోడ పట్టుకుని పోతుంది. పగలు బాగానే ఉంటుంది. ఇదే రేచీకటి. విటమిన్ ఏ తక్కువై వస్తుంది.

ముందు రేచీకటి. తర్వాత తెల్లగుడ్డు మీద నురుగులాంటి మచ్చలు. కన్ను తడి ఆరిపోతుంది. ఇంకా పట్టించుకోకపోతే నల్లగుడ్డు మెత్తబడి పుండు పడుతుంది. ఆ దశ వచ్చాక పోయిన చూపు రాదు. తట్టు పోసినప్పుడు, విరేచనాలు పట్టుకున్నప్పుడు ఈ ప్రమాదం ఎక్కువ. తట్టు పోస్తే అమ్మవారు అని బిడ్డకు పథ్యం పెడతారు. ఆ సమయంలో బిడ్డకు తిండి, విటమిన్ ఏ ఇంకా ఎక్కువ కావాలి.

హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఆరు నెలలకు ఒకసారి పెద్ద మోతాదులో విటమిన్ ఏ తాగిస్తే బిడ్డను కాపాడవచ్చని అక్కడి శాస్త్రవేత్తలు చేసి చూపించారు. ఆ పని ఆధారంగా 1970లో దేశమంతా ఈ మందు తాగించడం మొదలుపెట్టారు. మన నేల మీద జరిగిన పని అది. ఒకప్పటి లెక్కన రేచీకటి ఇప్పుడు చాలా తగ్గింది.

9 నెలలకు మొదటి మోతాదు, తట్టు టీకాతో పాటు 1 మిల్లీలీటరు. ఏడాదిన్నరకు రెండోది. ఇక్కడి నుంచి 2 మిల్లీలీటర్లు. ఆ తర్వాత ఆరు నెలలకు ఒకసారి, అయిదేండ్లు నిండే దాకా. మొత్తం 9 మోతాదులు. మొదటి రెండూ అందరూ తాగిస్తారు. టీకాలు అయిపోయాక మరిచిపోతారు. తల్లీబిడ్డల కార్డు తీయండి. ఇప్పుడు మీకు చదువు వచ్చు. ఎన్ని మోతాదులు పడ్డాయో మీరే లెక్కపెట్టండి. తక్కువ ఉంటే అంగన్‌వాడీ టీచరును గాని, నర్సమ్మను గాని అడగండి. ఎక్కువ తాగిస్తే ఇంకా మంచిదని మాత్రం సొంతంగా కొని తాగించవద్దు. ఎక్కువైతే విషం.

మందు ఆరు నెలలకు ఒకసారి. తిండి రోజూ. కాన్పు కాగానే వచ్చే ముర్రుపాలు పిండి పారబోయవద్దు. బిడ్డకు తాగించండి. ఆరు నెలలు నిండాక మెత్తగా ఉడికించిన ఆకుకూర అన్నంలో కలపండి. మునగాకు, తోటకూర, పాలకూర, పుంటికూర. గుమ్మడికాయ, బొప్పాయి, మామిడిపండు. గుడ్డు, కార్జం. ఆకుకూరలో ఒక చెంచా నూనె పడాలి. నూనె లేకపోతే విటమిన్ ఏ ఒంటికి పట్టదు. మునగచెట్టు ఏ దొడ్లో చూసినా ఉంది. దాని కాయలు అమ్ముకుంటాం, ఆకు మేకలకు వేస్తాం!

కండ్ల కలక, మెడికల్ షాపు చుక్కలు

2023 వానాకాలంలో మన దగ్గర ఊళ్లకు ఊళ్లు కండ్ల కలకతో ఎర్రబడ్డాయి. బడిలో సగం బల్లలు ఖాళీ. కలక వచ్చినవాళ్ల కండ్లలోకి చూస్తే అంటుకుంటుందని పిల్లలు తలలు వంచుకుని తిరిగారు. చూస్తే అంటుకోదు. చేతులతో అంటుకుంటుంది. ఒకే తువ్వాల, ఒకే చెంగు, ఒకే దిండు వాడితే అంటుకుంటుంది. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కాచి చల్లార్చిన నీళ్లలో శుభ్రమైన దూది తడిపి పుసులు తుడవాలి. ఒక కంటికి వాడిన దూది ఇంకో కంటికి వాడవద్దు. ఎక్కువగా వారం, రెండు వారాల్లో తగ్గుతుంది. నొప్పి ఎక్కువైతే, చూపు మసకబారితే, వెలుతురు చూడలేకపోతే అది ఉత్త కలక కాదు. దవాఖానకు పోవాలి. పుట్టి నెల కూడా నిండని బిడ్డకు కన్ను ఎర్రబడి చీము పడితే ఆ రోజే పోవాలి.

ఎండాకాలంలో ఇంకో బాధ ఉంది. అయిదు నుంచి పదిహేను ఏండ్ల పిల్లలకు, మగపిల్లలకు ఎక్కువ. కండ్లు విపరీతంగా దురద. ఎర్రగా ఉంటాయి. తీగలా సాగే పుసి వస్తుంది. ఇది అంటుకునేది కాదు. గాలి, దుమ్ము, ఎండ పడక వస్తుంది. ఏటా వస్తుంది. తల్లి మెడికల్ షాపుకు పోతుంది. "కండ్లు ఎర్రగైనయి, చుక్కలియ్యి" అంటుంది. చుక్కలు వేయగానే హాయిగా ఉంటుంది. మళ్లీ వస్తుంది, మళ్లీ అదే సీసా. అలా రెండేండ్లు, మూడేండ్లు.

ఆ చుక్కల్లో చాలావాటిలో స్టెరాయిడ్ అనే మందు ఉంటుంది. డాక్టరు కొద్ది రోజులకు రాస్తే అది మంచి మందే. ఏండ్ల తరబడి సొంతంగా వేస్తే కంటి లోపల ఒత్తిడి పెరుగుతుంది. నీటి కాసులు వస్తాయి. శుక్లం వస్తుంది. దురద తగ్గింది గాని చూపు పోయింది అన్న పిల్లలు ఉన్నారు. సీసా మీద ఉన్న పేరు చదవండి. డాక్టరు రాసిన చీటీ మీద పేరు చదవండి. రెండూ ఒకటేనా చూడండి. మూత తీసిన సీసా నెల దాటితే పారేయండి. అన్నకు ఇచ్చిన చుక్కలు తమ్ముడికి వేయవద్దు.

పసరు, ఆముదం, చనుబాలు, తేనె, ఇవేవీ కంట్లో పోయవద్దు. రెప్ప మీద కురుపు లేస్తే వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో కాపడం పెట్టండి. గిల్లవద్దు. కాటుక మాటకు వస్తే చాలామంది అమ్మలకు నా మీద కోపం వస్తుంది. కాటుక పెడితే కండ్లు పెద్దవి కావు. గోరు గీసుకుంటుంది, మసి లోపలికి పోతుంది. కొన్ని సుర్మాలలో సీసం ఉంటుంది. అది పిల్లలకు విషం. దిష్టి భయం ఉంటే చుక్క అరికాలుకు పెట్టండి, బుగ్గకు పెట్టండి. కంట్లో మాత్రం వద్దు.

దెబ్బ తగిలితే

చిర్రగోనె ఆడతారు. బాణాలు, పుల్లలు విసురుకుంటారు. దీపావళికి టపాకాయలు. వరికోతల్లో తల్లి వెంట పొలానికి వస్తారు. వడ్ల ముల్లు, ఊక కంట్లో పడుతుంది. మిర్యాలగూడ రైసు మిల్లుల పక్క ఇళ్లలో ఊక దుమ్ము అందరికీ తెలిసిందే. మన ఊళ్లలో నాలుకతో నలుసు తీసే అవ్వలు ఉన్నారు. వాళ్ల మనసు మంచిదే. కానీ నోటిలోని క్రిములు కంటి గాయంలోకి పోతాయి. పుండు పడుతుంది. పుండు మానినా నల్లగుడ్డు మీద తెల్లని మచ్చ మిగులుతుంది. కంట్లో పువ్వు పడ్డది అంటాం కదా, అదే. మంచినీళ్లతో కడిగితే నలుసు పోవాలి. పోకపోతే రుద్దవద్దు. దవాఖానకు పోవాలి.

సున్నం సంగతి ప్రత్యేకం. తాంబూలం సున్నం ప్లాస్టిక్ పొట్లాలు ఇంట్లో పడి ఉంటాయి. పిల్లలు వాటితో ఆడతారు. నొక్కితే చిటుక్కున పగిలి నేరుగా కంట్లో పడుతుంది. సున్నం కన్నును కాలుస్తూ లోపలికి పోతూనే ఉంటుంది. అప్పుడు ముందు నీళ్లు, తర్వాతే ఆటో. ఉన్న చోటే రెప్పలు తెరిచి పట్టుకుని ధారగా మంచినీళ్లు పోయాలి. కనీసం పావుగంట, వీలైతే అరగంట. బిడ్డ ఎంత ఏడ్చినా ఆపవద్దు. రెప్పల కింద ఉన్న సున్నం ముద్దలు నీళ్లతోనే పోవాలి. తర్వాత వెంటనే దవాఖాన.

కన్ను చీరుకుపోయినా, ఏదైనా గుచ్చుకుని ఉన్నా మాత్రం నీళ్లు పోయవద్దు. లాగవద్దు. గట్టిగా కట్టు కట్టవద్దు. కంటికి తగలకుండా ఒక కప్పు బోర్లించి, పడిపోకుండా పట్టుకుని తీసుకుపోవాలి.

ఎక్కడికి పోవాలి?

మొదట మన అంగన్‌వాడీ, ఆశమ్మ, పి.హెచ్.సి. 2013 నుంచి ఆర్.బి.ఎస్.కె. అనే కార్యక్రమం ఉంది. పద్ధతి ప్రకారం డాక్టర్ల బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడికి ఒకసారి వచ్చి పిల్లలను చూడాలి. ఆ రోజు పిల్లలను కూలికి, చుట్టాల ఇంటికి తీసుకుపోవద్దు. వాళ్లు కార్డులో ఏం రాశారో చదవండి. మన రాష్ట్రంలో 2018లో ఒకసారి, 2023లో ఒకసారి కంటి వెలుగు శిబిరాలు ఊరూరా జరిగాయి. అలాంటి శిబిరం మళ్లీ వస్తుందని బిడ్డను కూర్చోబెట్టవద్దు.

సూర్యాపేటలో, నల్లగొండలో 2019లో సర్కారు వైద్య కళాశాలలు వచ్చాయి. వాటి పెద్ద దవాఖానలు ఉన్నాయి. పెద్ద జబ్బు అయితే హైదరాబాదు మెహదీపట్నంలో సరోజినీదేవి కంటి దవాఖాన ఉంది. అది సర్కారుది. బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో స్థాపించారు. డబ్బు కట్టలేని వాళ్లకు అక్కడ ఉచితంగా చూస్తారు. సూర్యాపేట, కోదాడ రెండూ హైదరాబాదు, విజయవాడ రోడ్డు మీదే ఉన్నాయి. మిర్యాలగూడ నుంచి రైలు కూడా ఉంది.

పోయే ముందు రాత్రి ఒక కాగితం మీద మీరే రాసుకోండి. ఏ కన్ను, ఎప్పటి నుంచి, బిడ్డ ఏ నెలలో పుట్టింది, ఎంత బరువు, ఇప్పటిదాకా ఏ చుక్కలు వేశారు. వాడిన సీసా సంచిలో వేసుకోండి. డాక్టరు ముందు కూర్చుంటే తెలిసింది కూడా మరిచిపోతాం. కాగితం చూసి చెప్పవచ్చు. అక్షరాలు వంకరగా ఉన్నా పరవాలేదు.

బస్టాండు సంగతి జరిగాక నేను నా తరగతిలో పిల్లలందరినీ వరుసగా 20 అడుగుల దూరంలో నిలబెట్టాను. ఒక్కో కన్ను మూయించి చదివించాను. ముప్పై నలుగురిలో ముగ్గురు తడబడ్డారు. అందులో ఒక పిలగాడు క్లాసులో మొదటివాడు. ముగ్గురి తల్లులకూ చీటీలు పంపాను. ఇద్దరు వచ్చారు. మూడో ఆమె రాలేదు. చీటీ చదవడం రాక ఊరుకుందో, పని వదిలి రాలేకపోయిందో తెలియదు. బోర్డు చదివిన అక్క, నేను కలిసి ఈ ఆదివారం వాళ్ల ఇంటికి పోతున్నాం.